ఏడేళ్ల తర్వాత ఊపిరితిత్తిలో మళ్లీ గడ్డ.. క్యాన్సర్ తిరగబెట్టిందా?

ప్రశ్న: నాన్నగారికి 66 ఏళ్లు. ఏడేళ్ల కిందట ఊపిరితిత్తి క్యాన్సర్‌ (అడినోకార్సినోమా) మొదటి దశలో బయటపడితే ఎడమవైపు పైలోబు (ఊపిరితిత్తి పై భాగం) తీసేశారు. కీమో అక్కర్లేదన్నారు. ఐదేళ్లు దాటాక చెకప్‌లు మానేశాం. నెలన్నరగా దగ్గు, నడుంనొప్పి. సీటీలో కుడివైపు 14 మి.మీ. గడ్డ కనిపించింది. టీబీ కావచ్చు, మందులు వాడి చూద్దామంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, టీబీ నిర్ధారణ కాకుండా ఆ మందులు వాడి చూడొద్దు. కళ్లె పరీక్ష, అందులోని టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్ష చేయించండి. అందులో ఏమీ తేలకపోతే క్యాన్సర్ లేదని కాదు, ఉందనీ కాదు. ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పదు.

ఈ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. అయితే ఆపరేషన్‌కు ముందే రక్తంలోకి జారుకున్న కణాలు కొన్ని ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి తర్వాత పెరగొచ్చు. అడినోకార్సినోమాలో ఇది అప్పుడప్పుడూ చూస్తాం. ఐదేళ్లు గడిచాయని చెకప్ మానేయకూడదు, ఏటా ఒక లోడోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసేది) ఉండాల్సిందే.

ఇంకో అవకాశం, ఇది పాతదానితో సంబంధం లేని కొత్త క్యాన్సర్ కావడం. ఈ తేడా తేలడం ముఖ్యం. కొత్తదై, చిన్నదిగా ఒక్కచోటే ఉంటే, శ్వాస పరీక్షలో సామర్థ్యం సరిపోతే మళ్లీ ఆపరేషన్‌కు, లేదంటే ఎస్‌బీఆర్‌టీకి (గడ్డకే గురిపెట్టి కొద్ది విడతల్లో ఎక్కువ మోతాదు ఇచ్చే రేడియేషన్) వీలుంటుంది. పూర్తిగా నయం చేసే ఉద్దేశంతోనే చేస్తాం. పాతదే పాకి ఉంటే చాలామందికి మందులే ప్రధానం.

అందుకే ఆపరేషన్ చేసిన ఆస్పత్రి పాథాలజీ విభాగానికి వెళ్లి పాత బ్లాకులు, స్లైడ్లు అడగండి. బ్లాకంటే కణజాలాన్ని మైనంలో పొదిగిన చిన్న ప్లాస్టిక్ డబ్బీ. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే మైనం మెత్తబడి పాడవుతుంది, జాగ్రత్త. కొత్త ముక్కను దానితో పోల్చి చూడమనండి. ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈజీఎఫ్‌ఆర్, ఆల్క్, రాస్1, పీడీఎల్1 పరీక్షలకు సరిపడా ముక్క తీయమని ముందే చెప్పండి, రెండోసారి సూది పొడిపించుకునే బాధ తప్పుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి, సొంతంగా ఆపొద్దు.

క్యాన్సర్ ఎక్కడికైనా పాకిందేమో చూడటానికి పెట్ సీటీ (చక్కెరను ఎక్కువగా పీల్చుకునే చోట్లు మెరిసేలా చూపే స్కాన్), మెదడుకు కాంట్రాస్ట్ (రంగుమందు ఇచ్చి తీసే) ఎంఆర్ఐ కూడా కావాలి. పెట్‌కు ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ ఉంటే 200 లోపు ఉండాలి. పెట్‌లో మెరిసిందంతా క్యాన్సర్ కాదు, టీబీ గడ్డ కూడా అలాగే మెరుస్తుంది.

నడుంనొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, క్యాన్సర్ వెన్నుకు పాకి నరాలను నొక్కుతుండొచ్చు. కాళ్లు తిమ్మిరెక్కినా, నడక తడబడినా, మూత్రం ఆగినా అదే రోజు వెన్నుకు ఎంఆర్ఐ తీయించండి. పెట్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.