లెండర్ అడగని భూకంపం పాలసీ మనకెందుకు?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1972లో కట్టిన ఇల్లు 14 లక్షల డాలర్లకు కొన్నాం. లోను 9 లక్షలు. మిగతా 5 లక్షల్లో నాన్నగారు ఊళ్లో పొలం అమ్మి పంపిన డబ్బు కూడా ఉంది. హోమ్ ఇన్సూరెన్స్ కాగితం చూపించేదాకా లెండర్ లోను ఇవ్వలేదు. భూకంపం పాలసీ మాట మాత్రం ఎత్తలేదు. భూకంపాలు పుట్టే నేల పగులు, హేవర్డ్ ఫాల్ట్, మా ఊళ్లోంచే పోతుంది కదా! వాళ్లకే లేని టెన్షన్ మాకెందుకు?

జవాబు: లెండర్ తన 9 లక్షల లెక్క చూసుకున్నాడండీ. మీ 5 లక్షలు ఆ లెక్కలో లేవు.

మీ ఇంటినే తీసుకుందాం. ఇలాంటి ఇల్లు మళ్లీ కట్టాలంటే 6 లక్షలు, ఖాళీ స్థలం విలువ 8 లక్షలు అనుకుందాం. భూకంపానికి ఇల్లు మొత్తం కూలినా స్థలం ఉంటుంది. దాన్ని అమ్ముకుంటే లెండర్‌కు తగ్గేది లక్ష, శిథిలాలు తీయించే ఖర్చు. మీకైతే 5 లక్షలూ పోయినట్టే. పైగా ఇలాంటి లోన్లు చాలావరకు, బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలకు వెళ్లి, టెక్సస్, ఒహాయో లోన్లతో కలిసిపోతాయి, కాబట్టి ఒక్కచోటి భూకంపం నష్టం వాటిలో సర్దుకుపోతుంది. మామూలు ఇళ్లకు ఆ రెండూ భూకంపం పాలసీ అడగవు. వరద సంగతి వేరు. ముప్పు ఎక్కువున్న ప్రాంతాల్లో వరద పాలసీ ఉండాలని 1973 నాటి ఫెడరల్ చట్టమే చెబుతుంది. భూకంపానికి అలాంటి చట్టం లేదు.

మరి అగ్నిప్రమాదానికి ఎందుకంత పట్టుబడతారు? నిప్పు సాధారణంగా ఇవాళ ఒక ఇంటికి, రేపు ఇంకో ఇంటికి అంటుకుంటుంది. ఆ నష్టం అందరి ప్రీమియంలలో సర్దుకుంటుంది. భూకంపం వేల ఇళ్లను ఒక్క నిమిషంలో దెబ్బతీస్తుంది. 1994 జనవరి 17న లాస్ ఏంజెలిస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో 6.7 తీవ్రతతో వచ్చినప్పుడు కంపెనీలకు చుక్కలు కనిపించాయి. హోమ్ పాలసీ అమ్మేవాళ్లు భూకంపం పాలసీ కూడా ఇవ్వజూపాలన్నది ఆ రాష్ట్ర చట్టం. దాంతో చాలా కంపెనీలు హోమ్ పాలసీలే తగ్గించేశాయి. అవి లేకపోతే లోను రాదు, లోను లేకపోతే ఇల్లు అమ్ముడుపోదు. అందుకే 1996లో భూకంపం పాలసీల కోసమే కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ వచ్చింది. ఇంత ఖరీదైన పాలసీని ఒక్క లెండరే తప్పనిసరి చేస్తే, కొనేవాళ్లు పక్క బ్యాంకుకు వెళ్లిపోతారు.

భూకంపం వల్ల మంటలు లేస్తే మాత్రం ఆ నష్టం మీ మామూలు హోమ్ పాలసీలోనే వస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

‘మరీ అయితే తాళాలు బ్యాంకుకిచ్చేస్తాం’ అనేవాళ్లున్నారు. సొంతంగా ఉండటానికి ఇల్లు కొన్న లోను అయితే, బ్యాంకు మీ మిగతా ఆస్తుల జోలికి రాకుండా రాష్ట్ర చట్టం అడ్డుపడుతుంది. నిజమే. 5 శాతం డౌన్‌పేమెంట్‌తో కొన్నవాళ్లు అలా ఆలోచిస్తే నేను వాదించను. మీరు తాళాలతో పాటు నాన్నగారి పొలం డబ్బు కూడా ఇచ్చేసినట్టవుతుంది.

డిడక్టబుల్, అంటే నష్టంలో ముందుగా మన జేబులోంచి పోయే వాటా, చూసి చాలామంది వెనకడుగు వేస్తారు. 6 లక్షల పాలసీకి 15 శాతమంటే 90,000 డాలర్లు. గోడలకు బీటలు పడినా, చిమ్నీ కూలినా ఖర్చు మీదే. అయినా దండగ అనను, ఇల్లు నేలమట్టమయ్యే రోజు కోసం తీసుకునే పాలసీ ఇది. మీ స్థితిలో నేనైతే తీసుకుంటాను, డిడక్టబుల్ ఎక్కువ పెట్టుకునైనా.

దానికన్నా ముందు ఇంటి కింది క్రాల్ స్పేస్, అంటే నేలకూ ఫ్లోర్‌కూ మధ్య ఉండే ఖాళీ, తెలిసినవాళ్లకు చూపించండి. 1980కి ముందు కట్టిన చెక్క ఇళ్లు కొన్ని పునాదికి సరిగా బోల్టులు లేకుండా ఉంటాయి, కుదుపుకు పక్కకు జారిపోతాయి. బోల్టులు వేసి, కింది పొట్టి గోడలకు ప్లైవుడ్ కొట్టించడానికి బ్రేస్ ప్లస్ బోల్ట్ పథకం అర్హమైన జిప్ కోడ్‌లలో 3,000 డాలర్ల దాకా ఇస్తుంది. ఆ పని అయ్యాక ప్రీమియంలోనూ తగ్గింపు అడగొచ్చు.

మీ హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీ భూకంపం పాలసీ ఆఫర్ కాగితం పంపే ఉంటుంది. 30 రోజుల్లో జవాబివ్వకపోతే వద్దన్నట్టే లెక్క. గడువు దాటితే ఏజెంట్‌ను మళ్లీ అడిగి, 15, 20, 25 శాతం డిడక్టబుల్‌లకు విడివిడిగా కొటేషన్ తెప్పించుకోండి.