సాయంత్రం చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిగ్రీ అయ్యింది. ఉద్యోగం వచ్చేలోపు మా వీధి పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా చదువు చెబుదామనుకుంటున్నాను. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పదిహేను మంది వస్తామంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఎక్కడ మొదలెట్టాలి?
– ఒక పాఠకురాలు, గుణుపురం (రాయగడ జిల్లా)

జవాబు: ఒక్కరికి పదిహేను మంది ఎక్కువండీ. రెండు జట్లు చేసి రోజు విడిచి రోజు రమ్మనండి. వారంలో ఏయే రోజులుంటారో ముందే చెప్పి, చెప్పిన రోజు తప్పకుండా ఉండండి. మీరు రెండుసార్లు రాకపోతే, వెనకబడ్డ పిల్లలే ముందు జారుకుంటారు.

మొదటిరోజు పాఠం వద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, తక్కినవాళ్ళకు వినబడకుండా, నాలుగు చిన్న వాక్యాల పేరా చదివించండి. మూడు తప్పుల దాకా పరవాలేదు. అంతకు మించితే విడి మాటలు చూపండి. అయిదింటిలో కనీసం నాలుగైనా చదవలేకపోతే అక్షరాలకు దిగండి. పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వేల్లో వాడే పద్ధతి దాదాపు ఇదే. తరగతిని పక్కనబెట్టి, వచ్చిన మెట్టును బట్టి కూర్చోబెట్టండి. ఆరో తరగతి కుర్రాడు అక్షరాల దగ్గరే ఉంటే మాత్రం చిన్నపిల్లల మధ్య వేయకండి. నామోషీతో మర్నాడు రాడు. అతనికి ఓ పావుగంట విడిగా చెప్పండి.

గంటలో పది నిమిషాలు కబుర్లు, అరగంట చదువు, మిగతాది లెక్కలు. బడి హోంవర్కు పూర్తిచేయించే పనిలో పడ్డారా, ఇక అంతే! చదవలేని పిల్ల పక్కవాళ్ళది చూసి ఎక్కిస్తుంది, నోట్సు నిండుతుంది, చదువు రాదు. తల్లిదండ్రులు అడుగుతారు, ఈ సంగతి మొదటే చెప్పేయండి. తలుపులు తీసి ఉన్న చోట, ఇంకో పెద్దమనిషి కనుచూపులో ఉండగానే చెప్పండి.

ప్రశ్న: నా దగ్గరికి వచ్చే అయిదో తరగతి బాబుకు అన్నీ తెలుసు. బడిలో ఒడియా పాఠం చదవమంటే మాత్రం నోరు విప్పడట. తోటివాళ్ళు నవ్వుతారని భయం. “నువ్వు చదవగలవు నాన్నా” అని ఎంత చెప్పినా లాభం లేదు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి (గజపతి జిల్లా)

జవాబు: ఎందుకు నవ్వుతున్నారో ముందు వినండి. మన ‘క’లోని అకారం ఒడియాలో ‘కొ’కు దగ్గరగా పలుకుతుంది. వాళ్ళు ‘కొమొళొ’ అనే చోట మన పిల్లవాడు ‘కమళ’ అని చదువుతాడు. అక్షరం సరిగ్గానే పట్టాడు, పలుకు ఇంటిది. ఇది బాబుకు విడమర్చి చెప్పండి. తనకు చదవడమే రాదనుకుంటున్న పిల్లవాడికి, రానిది ఒక్క పలుకేనని తెలిస్తే సగం భారం దిగుతుంది.

రేపు బడిలో వచ్చే పేరాను ముందురోజు సాయంత్రమే తీయండి. మొదట మీరు వేలు పెట్టి చదవాలి. రెండోసారి ఇద్దరూ కలిసి, మీ గొంతు కాస్త తగ్గించి. మూడోసారి అతనొక్కడే. తర్వాత ఒక స్నేహితుడికి వినిపించాలి. అందరి ముందు చదవడం ఆ తర్వాతి మాట. తప్పు రాగానే అందుకోకండి, వాక్యం పూర్తికానివ్వండి. ప్రశ్న అడిగాక మనసులో మూడంకెలు లెక్కపెట్టి ఆగండి. మామూలుగా మాస్టార్లు ఒక్క సెకను కన్నా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ఆ నిశ్శబ్దం భరించడం మీకే కష్టం!

“శభాష్” ఒక్కటే చాలదు. “నిన్న మూడుచోట్ల ఆగావు, ఇవాళ ఒక్కచోటే” అనండి. ఏం బాగుపడిందో అతనికే తెలుస్తుంది.

ప్రశ్న: మరాఠీ బడిలో రెండో తరగతి చదివే పాపకు అంకెలు చెబితే తారుమారుగా రాస్తుంది. మందబుద్ధేమోనని వాళ్ళమ్మ దిగులు.
– ఒక పాఠకురాలు, సిరోంచ (గడ్చిరోలి జిల్లా)

జవాబు: అంత మాట అనుకునే ముందు, అదే సంఖ్యను తెలుగులో చెప్పి రాయించండి. మరాఠీలో ‘త్రేపన్న’ (53) అంటే ముందు వినబడేది మూడు. విన్న వరసలో రాస్తే 35 అవుతుంది. ‘ఏకోణతీస’ (ముప్పైకి ఒకటి తక్కువ)లో ‘తీస’ (ముప్పై) వినబడి 29కి 39 రాసేవాళ్ళూ ఉంటారు. ‘యాభై మూడు’లో మాట వరసే అంకెల వరస. ఈ చిక్కు మరాఠీ పిల్లలకూ ఉంది: 2019లో అక్కడి పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో, 62ను ‘బాసష్ట’ అనే బదులు ‘సాఠ దోన’ (అరవై రెండు) అనే పద్ధతి పెడితే మహారాష్ట్రలో పెద్ద చర్చే జరిగింది.

తెలుగులో సరిగ్గా రాస్తే చిక్కు మాటల దగ్గరే. చీపురుపుల్లలు పదేసి రబ్బరుబ్యాండుతో కట్టండి. ‘త్రేపన్న’ అనగానే పాప ముందు అయిదు కట్టలు, తర్వాత మూడు విడిపుల్లలు తీసి పెట్టాలి. పెట్టాకే రాయాలి. రోజుకు నాలుగు సంఖ్యలు, వాటిలో ఒకటి తొమ్మిదితో ముగిసేది. అప్పటికీ, తెలుగులో చెప్పినా తారుమారైతే కళ్ళూ చెవులూ ఒకసారి డాక్టరుకు చూపించమనండి.