ఇంటికి ఒక లెక్క, పొలానికి మరో లెక్క

మీ నాన్నగారు వీలునామా రాయకుండా కాలం చేశారనీ, నగరంలో ఉన్న ఇంటినీ ఊళ్లో ఉన్న పొలాన్నీ అమ్మగారూ ముగ్గురు పిల్లలూ సమానంగా పంచుకోవచ్చా అనీ అడిగారు. మా నాన్నగారు పోయినప్పుడు మా ఇంట్లో అమ్మ, ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లు. మేమూ మొదట అన్నిటినీ అయిదు వాటాలు వేసేశాం. కాగితాలు చూసిన వకీలు మాత్రం, ఒక్కో ఆస్తి నాన్నగారికి ఎలా వచ్చిందో ముందు చెప్పమన్నారు.

మల్కాజిగిరి ఇల్లు ఆయన జీతం డబ్బుతో కొన్నది, అంటే స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో అమ్మకూ పిల్లలకూ తలా అయిదో వంతు. నల్లగొండ జిల్లాలోని పొలం తాతగారు ఉండగానే జరిగిన ఉమ్మడి కుటుంబ పంపకంలో వచ్చిన పిత్రార్జితం. 2005 సవరణతో ఆడపిల్లలకూ అందులో పుట్టుకతోనే హక్కు ఉంది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల ముందు నాన్నగారికీ నలుగురు పిల్లలకూ అయిదు వాటాలు వేసి, ఆయన వాటాను మాత్రమే అమ్మతో కలిపి మళ్లీ అయిదుగురికి పంచాలి. అమ్మకు 25లో 1, మాకు తలా 25లో 6 వచ్చాయి. ఆ లెక్క వినగానే అమ్మ, "ఆ మళ్లలో నాట్లు వేసింది నేను కాదా?" అంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, బావి పక్క మడిని ఆమె పేరనే రాయించాం.

మీ పొలం కూడా అలాంటిదే అయితే, అమ్మగారికి 16లో 1, పిల్లలకు తలా 16లో 5. ఇల్లు స్వార్జితమైతే నలుగురికీ పావు వంతు. అయితే 1956 తర్వాత తాతగారు పోయాక ఆయన సొంత ఆస్తి వారసత్వంగా వస్తే, దాన్ని సాధారణంగా నాన్నగారి స్వంత ఆస్తిగానే చూస్తారు. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చి ఆడపిల్లలతో సంతకం పెట్టించుకోవాలనే ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, అది నాకు న్యాయంగా కనిపించదు.

ఒకే మెట్లదారి ఉన్న ఇంటిని ముక్కలు చేయలేక అన్నయ్యకు వదిలి, మిగతావారం బజారు ధర ప్రకారం డబ్బు తీసుకున్నాం. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్నాం గానీ రిజిస్టర్ చేయించలేదు. రెండేళ్లకు అన్నయ్య అప్పుకు వెళితే బ్యాంకు ఆ కాగితాన్ని పక్కన పెట్టేసింది. చివరికి చెల్లెలు బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని రావలసి వచ్చింది, అందరం సబ్‌రిజిస్ట్రార్ ముందు కూర్చుని పంపకం దస్తావేజు మళ్లీ మొదటి నుంచి రాయించుకున్నాం.