పాలీఫిల్ పెట్టిన బొంతకి వాకింగ్ ఫుట్ కొనాలా, రోలర్ ఫుట్ చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాత కాటన్ చీరల మధ్య పాలీఫిల్ (పాలిస్టర్ దూది) షీట్ పెట్టి డబుల్ కాట్ బొంత కుడుతున్నారు. ఇంట్లో ఉన్నది ఉషా జనోమ్ జిగ్‌జాగ్ మెషీన్. కుట్టు సాగేకొద్దీ పై చీర ఫుట్ (సూది దగ్గర గుడ్డని నొక్కి ఉంచే పాదం) ముందు ఉబ్బుకొస్తోంది, అంచు చేరేసరికి కింది చీర అయిపోయినా పైది మిగిలిపోతోంది. షాపులో రోలర్ ఫుట్ తీసుకోమన్నారు, వీడియోల్లో వాకింగ్ ఫుట్ అంటున్నారు.

వాకింగ్ ఫుటే తీసుకోండి. నేను ఇంటి మెషీన్ మీద బొంతలు, చంటిపిల్లల పక్కబట్టలు కుడుతుంటాను. మీరు చెప్పిన తంటా మందం వల్ల వచ్చింది కాదు, పై గుడ్డని లాగేవాళ్లు ఎవరూ లేకపోవడం వల్ల వచ్చింది. మెషీన్ పలకలోంచి పైకి లేచే పళ్లు కింది గుడ్డని మాత్రమే పట్టుకుని వెనక్కి తోస్తాయి. పైన ఫుట్ చేసే పని నొక్కి ఉంచడమే. జాకెట్టు గుడ్డ లాంటి రెండు పల్చటి పొరలైతే ఒకదానికొకటి అంటుకుని కలిసే కదులుతాయి. మధ్యలో పాలీఫిల్ ఉంటే ఆ పట్టు పోతుంది. షీట్ అణిగి, జారి, కింది చీర వెనక్కి వెళ్తుంటే పై చీర ఫుట్ కింద ఆగిపోతుంది. అడ్డంగా ఇంకో కుట్టు వచ్చినప్పుడు ఆ మిగిలిన గుడ్డే మడతపడి కుట్టులో ఇరుక్కుంటుంది.

అందుకే ఏ ఫుట్ చూసినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఇది పై గుడ్డని లాగుతుందా, లేక జారనిస్తుందా? రోలర్ ఫుట్‌లో ఉండే చక్రాలు వాటంతట అవి తిరగవు, గుడ్డ కదిలితే దానితో తిరుగుతాయి. టెఫ్లాన్ ఫుట్ నున్నగా ఉంటుంది, అంతే. ఈ రెండూ రెక్సిన్, తోలు లాంటి ఫుట్‌కి అతుక్కుపోయే సరుకుకి చాలా మంచివి. బ్యాగులు కుట్టేవాళ్లకి టెఫ్లాన్ ఫుట్ లేకపోతే రోజు గడవదు. కాటన్ చీర ఫుట్‌కి అతుక్కోదు కాబట్టి మీకు వాటివల్ల వచ్చే లాభం తక్కువ.

వాకింగ్ ఫుట్‌కి సొంత పళ్లుంటాయి. పక్కన ఒక చిన్న పంగ ఉంటుంది, అది సూదిని బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది పైకి లేచినప్పుడే కదా గుడ్డ జరిగేది, ఆ క్షణంలో ఈ పై పళ్లు గుడ్డని అదిమి పట్టుకుని కింది పళ్లతో పాటు వెనక్కి నడుస్తాయి. సూది దిగేటప్పుడు లేచి మళ్లీ ముందుకొస్తాయి. ఆ పంగ స్క్రూ మీద సరిగ్గా కూర్చోకపోతే పై పళ్లు పనిచేయవు. అప్పుడు అది బరువైన మామూలు ఫుటే. బిగించాక కంటితో చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

ఇక కొనే ముందు. మన దగ్గర ఇంటి జిగ్‌జాగ్ మెషీన్లలో ఎక్కువ భాగం లో షాంక్ రకం, అంటే ఫుట్‌ని బిగించే స్క్రూ తక్కువ ఎత్తులో ఉండేవి. అయినా కొలిచి చూసుకోండి: ఫుట్ కిందికి దింపి, పలక నుంచి ఫుట్‌ని పట్టి ఉంచే స్క్రూ మధ్య వరకు ఎత్తు చూడండి. ముప్పావు అంగుళం లోపు ఉంటే లో షాంక్. అంగుళం, ఆపైన ఉంటే హై షాంక్. రెండోది, సూదిని బిగించే స్క్రూ కుడివైపుకి బయటికి పొడుచుకుని ఉండాలి, లేకపోతే పంగకి ఆధారం ఉండదు. మూడోది చాలామంది చూడరు: కొత్త ఫుట్ పై పళ్లు మీ మెషీన్ కింది పళ్లకి ఎదురెదురుగా రావాలి. జిగ్‌జాగ్ వెడల్పు 5 మి.మీ. ఉన్న మెషీన్లలో పళ్ల మధ్య దూరం ఒకలా ఉంటుంది, 7 మి.మీ. వాటిలో ఇంకోలా ఉంటుంది. పళ్లు ఎదురెదురుగా రాకపోతే ఫుట్ పడుతుంది, కుట్టు పడుతుంది, పట్టు మాత్రం సగమే. అన్ని మెషీన్లకీ సరిపోతుందని ఆన్‌లైన్‌లో రాసే మాట దగ్గర ఆగకండి. వీలైతే మెషీన్ మోడల్ నంబరు చెప్పి డీలరు దగ్గరే కొనండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

బొటిక్‌లో ఉన్న జూకీ మీద కుట్టిస్తే పోలేదా అని చాలామంది సలహా ఇస్తారు. మనం జూకీ అని పిలిచే సింగిల్ నీడిల్ పవర్ మెషీన్లలో ఎక్కువ శాతం కూడా కింది పళ్లతోనే లాగుతాయి. వాటి వేగం, బలం వేరు, కానీ పై పొర జారడం అక్కడా ఉంటుంది. పైనా కిందా రెండూ లాగే పెద్ద మెషీన్లు వేరే, అవి సోఫా కవర్లు, తోలు పనివాళ్ల దగ్గర దొరుకుతాయి. ఇంటి మెషీన్ వాకింగ్ ఫుట్ జూకీకి పట్టదు. విదేశాల్లో ఉండి ఇది చదివేవాళ్లకి ఒక మాట: పాఫ్ మెషీన్లు చాలావాటిలో పై గుడ్డని లాగే ఏర్పాటు లోపలే ఉంటుంది. మీ దగ్గర అది ఉంటే విడిగా ఏమీ కొనొద్దు.

బిగించడం తేలికే. మామూలు ఫుట్‌తో పాటు దాన్ని పట్టి ఉంచే హోల్డర్ కూడా విప్పేయాలి, వాకింగ్ ఫుట్ నేరుగా కడ్డీకే పడుతుంది. స్క్రూ చేత్తో కాదు, స్క్రూడ్రైవర్‌తో బిగించండి. ఈ ఫుట్ బరువుకి, అదురుకి స్క్రూ వదులవుతుంటుంది, మధ్యమధ్య చూసుకోండి. జిగ్‌జాగ్ కాకుండా తిన్నని కుట్టు పెట్టి, సూది మధ్యలో ఉండేలా చూసి, చక్రాన్ని చేత్తో మీవైపు తిప్పి సూది ఎక్కడా ఇనుముకి తగలట్లేదని నిర్ధారించుకున్నాకే పెడల్ మీద కాలు పెట్టండి. రివర్స్ కుట్టు దీనితో వద్దు. పై పళ్లు గుడ్డని వెనక్కి తోయడానికి చేసినవి, రివర్స్‌లో గుడ్డ మీవైపుకి రావాలి. మొదట్లో, చివర్లో ముడి కోసం కుట్టు నిడివి బాగా తగ్గించి నాలుగైదు కుట్లు వేస్తే చాలు.

సూది 90 లేదా 100 నంబరు, కుట్టు నిడివి 3 నుంచి 3.5 మి.మీ. మామూలు 2.5తో కుడితే పాలీఫిల్ మీద కుట్లు మునిగిపోయి గుచ్చి గుచ్చి నలిపినట్టు కనిపిస్తాయి. ఫుట్ ఒత్తిడి తగ్గించే డయల్ ఉంటే కాస్త తగ్గించండి. పాత నల్ల మెషీన్లలో ఫుట్ కడ్డీ నెత్తిన స్క్రూ ఉంటుంది, దాన్ని ఎడమకి తిప్పితే ఒత్తిడి తగ్గుతుంది. బొంతని ఫుట్ కిందికి దూర్చడం కష్టంగా ఉంటే ఫుట్ ఎత్తే మీటని మామూలుగా ఆగేచోటు దాటించి ఇంకా పైకి లేపండి, జనోమ్ మెషీన్లలో అదనంగా పావు అంగుళం లేస్తుంది.

ఫుట్ ఎంత మంచిదైనా చేయలేని పని ఒకటుంది. బొంత బరువు. డబుల్ కాట్ బొంత టేబుల్ అంచు నుంచి వేలాడుతుంటే ఆ బరువంతా సూది దగ్గర లాగుతుంది, కుట్లు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి అవుతాయి. నా అనుభవంలో వాకింగ్ ఫుట్ పనిచేయట్లేదు అనే ఫిర్యాదుల్లో సగం ఇవే. మెషీన్‌కి ఎడమవైపు, వెనకవైపు ఇంకో బల్ల గానీ, ఎత్తు సరిపోయే మంచం గానీ ఆనించి, బొంత మొత్తం దాని మీద పడుకుని ఉండేలా చూడండి. చేతులతో ముందుకు తోయొద్దు, వెనక నుంచి లాగొద్దు.

పొరల్ని ముందే కలిపి కట్టడం కూడా తప్పించుకోలేని పని. కింది చీరని నేల మీద పరిచి, అంచులు టేపుతో బిగువుగా అంటించి, దానిమీద షీట్, ఆపైన చీర పరిచి, జానెడు దూరానికో పిన్నీసు పెట్టండి. ఓపిక ఉంటే చేత్తో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి, అది పిన్నీసుల కంటే మేలు. మొదటి కుట్టు గీత బొంత మధ్యలోంచి వేసి, అక్కణ్నుంచి ఒక పక్కకి, తర్వాత రెండో పక్కకి వెళ్లండి. గీతలన్నీ ఒకే దిక్కు నుంచి మొదలుపెట్టండి. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి కుడితే గీతల మధ్య గుడ్డ ఏటవాలుగా మెలిపడుతుంది. వాకింగ్ ఫుట్‌తో వచ్చే వంపు కడ్డీని వెనక గుచ్చి, ముందు వేసిన గీత మీద దాన్ని నడిపిస్తే సుద్దతో గీయకుండానే గీతలు సమదూరంలో వస్తాయి. ఇస్త్రీ పెట్టె మాత్రం వేడిగా పెట్టొద్దు, పాలీఫిల్ కరిగి అతుక్కుంటుంది.

పూలు, లతలు, మామిడి పిందెలు కుట్టాలని ఉంటే వాకింగ్ ఫుట్ దానికి పనికిరాదు. దానికి గుడ్డని ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ ఫుట్ కావాలి, కింది పళ్లు దించేయాలి లేదా వాటి మీద ప్లేటు మూయాలి, గుడ్డని మీ చేతులే నడిపించాలి. అది సాధనతో వచ్చే విద్య. మొదటి బొంతకి తిన్నని గీతలే వేయండి.

అసలు పాలీఫిల్ లేకుండా నాలుగైదు చీరలు మాత్రమే మడిచి కుట్టే మన పాత రకం బొంతకైతే వాకింగ్ ఫుట్ కొనమని నేను చెప్పను. మెత్తబడిన కాటన్ ఒకదాన్నొకటి బాగానే పట్టుకుంటుంది. ఒత్తిడి తగ్గించి, కచ్చా కుట్లు వేసుకుంటే మామూలు ఫుట్‌తోనే వస్తుంది. పాత చీరలతో పాటు పట్టు చీర కలిపితే మాత్రం జారుడు మొదలవుతుంది. చీరలు ఏడెనిమిది దాటి, అంచుల మడతల దగ్గర సూది దిగడానికే ఇబ్బంది పడుతుంటే ఆ అంచులు చేత్తో కుట్టడమే నయం, మెషీన్ టైమింగ్ (సూది, కింది కొక్కెం కలిసే వేళ) చెడగొట్టుకోవద్దు.

డబుల్ కాట్ సైజు మీద నాకు ఇంకో సూచన ఉంది. ఇంటి మెషీన్ చేయి (సూదికి కుడివైపు ఉండే పైభాగం) కింద అంత బొంతని చుట్టి దూర్చడం మొదటిసారికి చాలా కష్టం. బొంతని మూడు నిలువు ముక్కలుగా విడివిడిగా క్విల్ట్ చేసి (పొరలు కలిపి కుట్టి), తర్వాత పట్టీ వేసి కలపండి. అతుకు కనబడకుండా చీర అంచునే పట్టీగా వాడొచ్చు, అందంగా ఉంటుంది.

మీ మెషీన్ మోడల్ పేరు, ఫుట్ దించి పక్కనుంచి తీసిన ఒక ఫొటో పెట్టండి. షాంక్ ఏ రకమో, సూది స్క్రూ పంగకి అందుతుందో లేదో చూసి చెప్తాను, ఆ తర్వాతే ఆర్డరు పెట్టండి.