ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉన్న మా బాబు గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉంటోంది. మందులు వాడితే తగ్గుతుందా?

మా వాడిదీ ఇదే కథ. ఏడీహెచ్‌డీ అని తేలింది ఆరో ఏట. గొంతు అంతకు ముందు నుంచే బొంగురు. "మగపిల్లాడు, గొంతు గంభీరంగా ఉంది" అని మురిసిపోయిన చుట్టాలు ఉన్నారు. కరక్కాయ బుగ్గన పెట్టించాం, మిరియాల పాలు తాగించాం. మందుల షాపులో అడిగినప్పుడల్లా యాంటీబయాటిక్ చేతిలో పెట్టారు. అరిచి అరిచి పాడైన గొంతుకు యాంటీబయాటిక్ ఏమిటో!

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లాం. వాడి పేరు మీద నిలువెత్తు బంగారం మొక్కు, అంటే వాడి బరువుకు సరిపడా బెల్లం. బయలుదేరే ముందు బెల్లం తూచేటప్పుడు తక్కెడలో కూడా కుదురుగా కూర్చోలేదు. హనుమకొండలో బస్సెక్కింది మొదలు కనిపించిన ప్రతి లారీకి, ప్రతి మేకకు ఒక కేక. అమ్మవార్ల గద్దెల దగ్గర తోపులాటలో వాడి చేయి జారిపోయింది. నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. నోరంతా తెరిచి "అమ్మా" అంటున్నాడు, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గాలి తప్ప శబ్దం లేదు. వీధి చివరికి వినిపించే నా కొడుకు గొంతు నాకు వినిపించలేదు.

తిరిగొచ్చాక చెవి, ముక్కు, గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూశారు. రెండు స్వరతంత్రుల (గొంతులో శబ్దం పుట్టించే మడతలు) మీదా ఎదురెదురుగా బుడిపెలు. పార పట్టిన చేతులు కాయలు కాసినట్టు, అరిచి అరిచి గొంతు కాయలు కాసింది. పిల్లలకు ఆపరేషన్ దాకా వెళ్లడం అరుదట. స్పీచ్ థెరపీకి పంపారు. స్టీలు గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా "ఊ" అనడం మా వాడికి నచ్చిన వ్యాయామం. పది నిమిషాలు కూర్చోడు కాబట్టి రెండేసి నిమిషాలుగా చేయించాను.

మీరడిగిన మందుల సంగతి: ఏడీహెచ్‌డీ మందు నిలకడ ఇస్తుంది, బుడిపెలు కరిగించదు. పైగా నోరు ఎండొచ్చు, నీళ్ల సీసా దగ్గర ఉంచండి. బొంగురు రెండు మూడు వారాలు దాటితే జలుబని సరిపెట్టుకోకండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి, సరిగా వినపడని పిల్లలూ గట్టిగానే మాట్లాడతారు. గుసగుసగా మాట్లాడమనకండి, అదీ గొంతుకు శ్రమే.

నన్నడిగితే అసలు రోగం ఇంట్లోనే ఉంది. టీవీ ఒక పక్క, వంటింట్లోంచి నా కేక ఒక పక్క, "మెల్లగా మాట్లాడు" అని వాళ్ల నాన్న గావుకేక ఇంకో పక్క. వీటికి తోడు వినాయకుడి ఊరేగింపు డీజేలు. ఇప్పుడు మా ఇంట్లో నియమం ఒకటే: పిలవాలంటే దగ్గరికి రావాలి, లేదా చప్పట్లు కొట్టాలి. వాడు పాటిస్తున్నాడు. వాళ్ల నాన్నే ఇంకా నేర్చుకోవాలి.

2026 జనవరి జాతరకు వాడి మెడలో ఈల కట్టి తీసుకెళ్లాను. గొంతు పోలేదు. నా చెవులే రెండు రోజులు గింగురుమన్నాయి.