హారం ఎంతో అడిగారా?

ప్రశ్న: మాస్టారూ, మాది గాజువాక. మా అమ్మాయి ఈ ఏడాది మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ 82 శాతం మార్కులతో పాసైంది. కంపెనీల లెక్కలు, సమాచారం విశ్లేషించే డేటా అనలిస్ట్ అవుతానంటోంది. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లు ఆరు నెలల కోర్సుకు 85 వేలు అడుగుతున్నారు. మా వాళ్లకి సగటున నెలకు 60 వేల జీతం వస్తోందంటున్నారు. ఎమ్మెస్సీ, బీఈడీ చేస్తే మేలని నా ఉద్దేశం. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు కట్టే ముందు అమ్మాయిని ఇంకోసారి అక్కడికి పంపి, మూడు సంగతులు అడిగి రమ్మనండి. పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు? వాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి? ఆ జీతాల మధ్యగతం ఎంత? సగటు వద్దు. నలుగురికి 18, 20, 22, 25 వేలు వచ్చి, ముందే పదేళ్ల అనుభవం ఉన్న ఐదో ఆయనకి 2 లక్షల 15 వేలు వచ్చాయనుకోండి. సగటు సరిగ్గా 60 వేలు. వరసలో మధ్యనున్న జీతం మాత్రం 22 వేలే. ఉద్యోగం రానివాళ్లు అసలు ఈ లెక్కలోనే ఉండరు. ఉద్యోగం వచ్చినవాళ్లనే లవంగా చూపించి, మొత్తం చేరినవాళ్లనే హారాన్ని దాచేశారన్నమాట. జవాబు చెప్పకుండా నసిగితే, మీకు జవాబు వచ్చేసినట్టే.

మాథ్స్ డిగ్రీ అక్కరకొచ్చేది ఇక్కడే. ఉద్యోగంలో చేరాక ఎవరూ సిద్ధాంతాలు నిరూపించమనరు. కానీ 'దేన్ని దేంతో భాగించారు, ఏ షరతు మీద ఇది నిజం' అని అడిగే అలవాటు మూడేళ్ల డిగ్రీతో వస్తుంది. ఆరు నెలల కోర్సులో రాదు.

ఇక నేర్చుకోవాల్సినవి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (డేటాని గుంపులుగా కూడి చూపేది), ఎక్స్‌లుకప్ (పట్టికలో కావాల్సిన విలువని వెతికి తెచ్చేది) తడుముకోకుండా రావాలి. మీ అమ్మాయికి రెండు మూడు వారాల పని. ఎక్కువ కాలం పెట్టాల్సింది ఎస్‌క్యూఎల్ మీద, అంటే డేటాబేస్‌లోంచి కావాల్సిన సమాచారం తీసే భాష మీద. ఇంటర్వ్యూల్లో చాలామంది జారిపడేది జాయిన్‌ల దగ్గర, అంటే రెండు టేబుళ్లని కలిపేచోట. ఒక ఆర్డరు విలువ 1,000 రూపాయలు, కస్టమరు రెండు వాయిదాల్లో కట్టాడు. ఆర్డర్ల టేబుల్‌ని చెల్లింపుల టేబుల్‌తో కలిపితే ఆ ఆర్డరు రెండు వరసల్లో కనిపిస్తుంది. కూడితే అమ్మకం 2,000 అవుతుంది. కంప్యూటరు ఏ తప్పూ చూపించదు, మేనేజరు సంబరపడతాడు కూడా. కార్టీసియన్ లబ్ధం (ఒక సమితిలోని ప్రతిదాన్నీ రెండో సమితిలోని ప్రతిదానితో జత చేయడం) చదువుకున్న పిల్లకి దీని కారణం ఇట్టే తడుతుంది.

తర్వాత పవర్ బీఐ (డేటాని గ్రాఫులుగా, రిపోర్టులుగా చూపే సాఫ్ట్‌వేర్), ఆ తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఆమె సబ్జెక్టుల్లో స్టాటిస్టిక్స్ లేదు కాబట్టి సంభావ్యత, శాంప్లింగ్, పరికల్పన పరీక్షలు (ఒక ఊహ నిలుస్తుందో లేదో డేటాతో తేల్చే పద్ధతి) మళ్లీ శ్రద్ధగా చదవాలి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం.

ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లో దొరికే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా వద్దు, దేశమంతా అదే చేస్తోంది. మీకు దగ్గరలోని రైతుబజారు ధరల బోర్డును రోజూ ఫోటో తీసి, రెండు నెలలు నమోదు చేయమనండి. మొదటి వారంలోనే ఒక చిక్కు వస్తుంది: టమాటా ఎదురుగా ఖాళీగా ఉంటే ఏం రాయాలి? 14 రోజుల్లో పది రోజులు కిలో 30 రూపాయలుండి, నాలుగు రోజులు ధర రాయలేదనుకోండి. ఖాళీని ఖాళీగా వదిలితే ఎస్‌క్యూఎల్ పదితోనే భాగిస్తుంది, సగటు 30. సున్నా రాస్తే 14తో భాగిస్తుంది, అదే టమాటా సుమారు 21కి పడిపోతుంది. మళ్లీ హారమే! ఇంటర్వ్యూలో ఈ ఒక్క కథ పది సర్టిఫికెట్ల కంటే బాగా పనిచేస్తుంది. ముందు మీకే తెలుగులో వివరించమనండి. మీకు అర్థమైతే ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది.

'డేటా అనలిస్ట్' అన్న పేరుతోనే వెతికితే విశాఖలో తక్కువ కనిపిస్తాయి. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం), రిపోర్టింగ్ అనలిస్ట్ అని కూడా వెతకాలి. రుషికొండ ఐటీ కంపెనీలతో పాటు కార్పొరేట్ ఆసుపత్రులు, పరవాడ ఫార్మా, పోర్టు మీద ఆధారపడిన రవాణా సంస్థలు కూడా చూడాలి. మొదటి జీతం చిన్నదే కావచ్చు. రెండేళ్లు అసలైన డేటా మీద పని చేస్తే హైదరాబాద్, బెంగళూరు ఇంటర్వ్యూలకి ధైర్యంగా వెళ్లొచ్చు.

మీ మాటా తీసిపారేయను. టీచింగ్ ఇష్టమైతే ఎమ్మెస్సీ, బీఈడీ మంచి దారే. కానీ ఆ మాట ఆమె నోట రావాలి. ప్రభుత్వ ఉద్యోగమే కావాలనుకుంటే డిగ్రీవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి రాసే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ లేకపోయినా ఇంటర్ మాథ్స్‌లో 60 శాతం ఉంటే రాయొచ్చు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కి మాత్రం డిగ్రీలో గానీ పీజీలో గానీ స్టాటిస్టిక్స్ ఉండాల్సిందే.

ఆ 85 వేలలో కొంత పెట్టి లాప్‌టాప్ కొనండి. 8 జీబీ ర్యామ్ చాలు. విండోస్‌దే తీసుకోండి, పవర్ బీఐ డెస్క్‌టాప్ మ్యాక్‌లో నడవదు.