లారీ డ్రైవర్లను గౌరవించడానికి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఏం చేయాలి?

ఏడాదికోసారి శాలువా కప్పడం మంచిదే. కానీ డ్రైవరుకి ముందు కావాల్సింది లెక్క త్వరగా తేలడం, కంటినిండా నిద్ర.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నాలుగేళ్లు బుకింగ్ చూశాను. కోల్‌కతాకు చేపల లోడు దించి వచ్చిన డ్రైవరు, ప్లాస్టిక్ కవరులోంచి డీజిల్ బిల్లులు, పంచరు చీటీలు ఒక్కోటీ మడత విప్పి బల్లమీద పెట్టేవాడు. చీటీ తడిసి అంకెలు చెరిగిపోతే ఆ డబ్బు అతని బత్తాలోంచి పోయేది. అర్ధరాత్రి రోడ్డు పక్కన పంచరు వేసినవాడు సరైన రసీదు ఎక్కడిస్తాడు? అలాంటి చోట మనిషి మాట నమ్మాలి.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, మధ్యలో అరగంట విరామం అని చెప్పింది. "ఎక్కడిదాకా వచ్చావ్?" అని గంటకోసారి ఫోన్ చేస్తుంటే అతను బండి ఎప్పుడు పక్కన ఆపుతాడు? ఆ టెన్షన్ పెట్టకండి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారు. పాత బండి నడిపేవాళ్లకి కనీసం మంచి ఫ్యాను బిగించండి. అన్‌లోడింగ్ కోసం రోజుల తరబడి గేటు బయట ఆగాల్సివస్తే హాల్టింగ్ డబ్బు అడగకముందే ఇవ్వండి, స్నానానికి నీళ్లు దొరికేలా చూడండి.